బొబ్బిలి కోట ముట్టడిని ఆయిల్ రంగుల్లో వేయాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం జిల్లాలో చాలా ఏళ్ళు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాను. బొబ్బిలి కోట మీద జరిగిన దాడిని పెద్ద కాన్వాస్ మీద రెండుసార్లు వేశాను. మొదటి బొమ్మ నిండా తప్పులే, రెండోది కొంత నయం. సంక్రాంతి వెళ్ళి జనవరి 24 దగ్గరపడేసరికి ఈ ఘట్టం వేయాలనుకునే పిల్లలు, టీచర్లు, ఊరి యువకులు ఫోన్ చేస్తుంటారు. ఏటా అవే సందేహాలు కాబట్టి అన్నిటికీ ఇక్కడ జవాబులు రాసి పెట్టాను. మీ పని ఏ దశలో ఉందో చూసుకుని అక్కడినుంచే చదువుకోండి.

## కుంచె పట్టకముందు

మాస్టారూ, అసలు ఆ రోజు ఏం జరిగింది? క్లుప్తంగా చెప్పండి.

1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్ళకు ఇచ్చాడు. వాళ్ళ సేనాని బుస్సీ. విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు బుస్సీ పక్షాన ఉన్నాడు. ఆయనకూ బొబ్బిలి రాజు రంగారావుకూ పాత వైరం. 1757 జనవరి 24న తెల్లవారుతూనే ఫ్రెంచి ఫిరంగులు బొబ్బిలి కోట నాలుగు బురుజుల మీద పేలడం మొదలైంది. తొమ్మిది గంటలకు నిచ్చెనలతో మొదటి దాడి జరిగింది. గంటసేపు ప్రయత్నించినా ఒక్కడు కూడా గోడ దాటలేకపోయాడు. మధ్యలో ఆగి, ఫిరంగులతో గోడ ఇంకొంత కూల్చి మళ్ళీ ఎక్కారు. మధ్యాహ్నం రెండయినా కోట దక్కలేదు. అప్పుడు రంగారావు ముఖ్యులను పిలిచి, కోట ఇక నిలవదని చెప్పాడు. ఆడవాళ్ళు, పిల్లలు శత్రువుల చేత చిక్కకూడదని లోపలి ఇళ్ళకు నిప్పు పెట్టారు, తమవాళ్ళను తామే చంపుకున్నారు. ఆ పని ముగించి మళ్ళీ గోడల మీదికి వచ్చి, పోరాడుతూ చనిపోయారు.

ఈ వివరాలన్నీ ఎక్కడివి? జంగం కథ నమ్మాలా, ఇంగ్లీషు చరిత్ర నమ్మాలా?

గంటల లెక్కన సాగే కథనం రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడిది. ఆ రోజుల్లో ఆయన మద్రాసు కౌన్సిల్ సభ్యుడు. బొబ్బిలి రణరంగంలో మాత్రం లేడు, విన్నది రాశాడు. బొబ్బిలి కథ పాడేవాళ్ళు తరతరాలుగా తమవాళ్ళ నుంచి విన్నది పాడారు. నేను రెండూ వాడుకున్నాను. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏ వేళకు ఏం జరిగింది అన్నది ఓర్మ్ నుంచి తీసుకున్నాను. గోడ మీది మనిషి ముఖంలో ఏముండాలో కథ విని తెలుసుకున్నాను. ఓర్మ్ దాడిచేసినవాళ్ళ మాటల మీద ఆధారపడి కూడా కోటలోవాళ్ళ ధైర్యాన్ని తగ్గించి చెప్పలేదు. గోడ అంచున నిలబడి, ఎక్కివచ్చేవాణ్ణి పట్టుకుని నిచ్చెనతో సహా కిందికి పడిపోవాలని చూశారని రాశాడు. బొమ్మ వేసేవాడికి ఆ ఒక్క వాక్యం చాలు.

దాడిలో ఏ క్షణాన్ని ఎంచుకోవాలి?

ఎక్కువమంది ఉదయం జరిగిన మొదటి దాడిని ఎంచుకుంటారు. నిచ్చెనలు, జెండాలు, గుంపులు వేయడం సులువు కదా. నా మొదటి బొమ్మ అదే. చూసినవాళ్ళు బాగుందన్నారు గానీ ఎవరూ దాని ముందు నిలబడలేదు. కారణం ఆలస్యంగా అర్థమైంది. అందులో కోట ఒక అడ్డంకి మాత్రమే, లోపల మనుషులున్న జాడే లేదు. రెండోసారి మధ్యాహ్నం రెండు దాటాక జరిగిన చివరి దాడి వేశాను. బయట సిపాయిలు ఎక్కుతున్నారు, లోపల ఇళ్ళ మీద పొగ లేస్తోంది, గోడ మీదివాళ్ళకు ఆ పొగ ఏమిటో తెలుసు, కింద ఎక్కేవాళ్ళకు ఇంకా తెలియదు. ఈ తేడా కనిపిస్తేనే అది బొబ్బిలి బొమ్మ అవుతుందని నా గట్టి నమ్మకం. లేకపోతే ఏ దేశపు ఏ కోట పేరైనా పెట్టుకోవచ్చు.

విజయనగరం కోట చూసి గీసుకుంటే సరిపోతుందా?

సరిపోదు. విజయనగరంలోది 1713లో మొదలైన రాతికోట. 1757లో దాడికి గురైన బొబ్బిలి కోటది మట్టిగోడ. పిసికిన మట్టిని వరసలు వరసలుగా వేసి, ఒక వరస ఎండాక దాని మీద ఇంకో వరస వేసి కట్టినది. మా ఊళ్ళలో పాత మట్టి ఇళ్ళు, దొడ్డి గోడలు మిగిలి ఉంటే వాటిని గీయండి. వానకు కరిగిన అంచు, వరసకూ వరసకూ మధ్య గీత, గోడలో కనిపించే గడ్డి పరక, అన్నీ అక్కడ దొరుకుతాయి. నా మొదటి బొమ్మలో నున్నగా చెక్కిన రాళ్ళు పేర్చాను. బొబ్బిలిలో ఒక పెద్దాయన చూసి, "ఇది మన కోట కాదు బాబూ" అని ఒక్క మాట అని వెళ్ళిపోయారు. ఆ కాన్వాస్‌ను మళ్ళీ ఎక్కడా పెట్టలేదు.

విదేశీ చిత్రకారులు వేసిన కోట ముట్టడి బొమ్మల్లో ఏవి చూడాలి?

మూడు చెబుతాను. హొరేస్ వెర్నే అల్జీరియాలోని కాన్‌స్టాంటైన్ నగరం మీద 1837లో ఫ్రెంచి సేన చేసిన దాడిని మరుసటి ఏడాదే వేశాడు, వెర్సాయ్‌లో ఉంది. వందలమంది ఒక వాలు మీద ఎక్కుతుంటే ఆ గుంపును ఎలా కూర్చాలో అందులో చూసి నేర్చుకోవచ్చు. రెండోది రాబర్ట్ కెర్ పోర్టర్ వేసిన శ్రీరంగపట్నం ముట్టడి. 1800లో లండన్‌లో ప్రదర్శించిన ఆ బొమ్మ పొడవు దాదాపు 120 అడుగులు. ఆయన ఇండియాకు రాకుండానే వేశాడు. అసలు బొమ్మ తర్వాత అగ్నిప్రమాదంలో పోయింది, దాన్ని చూసి చేసిన ప్రింట్లే మిగిలాయి. వాటిలో టిప్పు ఊరు ఎంతుందో, లండన్ ఊహ ఎంతుందో వెతకడం మంచి అభ్యాసం.

నాకు గురువులాంటిది మాత్రం డెలక్రా 1840లో వేసిన కాన్‌స్టాంటినోపుల్ ప్రవేశం. అది కోట ఎక్కే ఘట్టం కాదు, నగరం పడిపోయిన తర్వాతిది. గెలిచినవాళ్ళు గుర్రాల మీద మధ్యలో ఉంటారు. కానీ మనకు అందరికంటే దగ్గరగా, బొమ్మ అంచున, ఓడిన ఊరివాళ్ళు నేల మీద ఉంటారు. కన్ను గుర్రాల మీదికి వెళ్ళి మళ్ళీ వాళ్ళ దగ్గరికే వస్తుంది. ఓడినవాళ్ళ బాధను గెలిచినవాళ్ళ బొమ్మలోనే చూపవచ్చని నాకు నేర్పింది అదే.

ఏఐతో తయారుచేసిన బొమ్మ చూసి వేయవచ్చా?

వద్దు. నాకు పంపినవాటిలో ప్రతిదాంట్లోనూ రాజస్థాన్ కోటలాంటి రాతికోట, నారింజ రంగు మంటలు, ఏ కాలానివో తెలియని కవచాలు ఉన్నాయి. ఒక ఆదివారం బొబ్బిలి వెళ్ళి యుద్ధ స్మారక స్తంభం దగ్గర కూర్చుని, చుట్టూ ఉన్న నేలనూ దూరాన కనిపించే కొండల గీతనూ స్కెచ్ వేసుకోండి. అదే ఎక్కువ పనికొస్తుంది.

## గీత దశ

ఫ్రెంచివాళ్ళ జెండా మూడు రంగులదే కదా?

1757లో కాదు. నీలం, తెలుపు, ఎరుపు జెండా ఫ్రెంచి విప్లవం తర్వాత వచ్చింది. అప్పటికి వాళ్ళది రాజరికం, తెల్ల నేల మీద బంగారు లిల్లీ పువ్వుల గుర్తు వాడేవారు. నాకు వచ్చే బొమ్మల్లో అందరికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. పొగలో దూరంగా తెల్లటి గుడ్డలా వేస్తే చాలు, పువ్వులు లెక్కపెట్టనక్కర్లేదు.

సైనికుల దుస్తులు ఎలా వేయాలి?

ఎర్ర కోటు ఇంగ్లీషు సైన్యాన్ని గుర్తుచేస్తుంది, ఇక్కడ వద్దు. ఆ కాలపు ఫ్రెంచి కాల్బలం కోటు ఎక్కువగా బూడిద కలిసిన తెలుపు. తల మీద మూడు మూలల టోపీ, చేతిలో చెకుముకి తుపాకీ, దాని కొసన బాయినెట్. మన సిపాయిలకు మాత్రం పూర్తి విలాయతీ యూనిఫాం తొడిగించకండి, తలపాగా, మోకాళ్ళ దాకా బిగించిన బట్ట వేయండి. విజయనగరం సేన కూడా మన మనుషులే. కోటలోవాళ్ళకూ వీళ్ళకూ తలపాగా రంగులో కొంచెం తేడా పెట్టుకుంటే చూసేవాళ్ళు తికమకపడరు. కోటవాళ్ళ చేతుల్లో బల్లేలు తప్పకుండా ఉండాలి. నిచ్చెన ఎక్కేవాళ్ళను పొడిచింది వాటితోనే.

తాండ్ర పాపారాయుణ్ణి గోడ మీద మధ్యలో పెడదామనుకుంటున్నాం. ఓకేనా?

మీ ప్రేమ అర్థమైంది, కానీ వద్దు. దాడి జరిగినప్పుడు ఆయన బొబ్బిలి కోటలో లేడు, రాజాంలో ఉన్నాడు. కబురు తెలిసి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాత విజయరామరాజు డేరాలోకి చొరబడి ఆయన్ను చంపాడు. రంగారావు భార్య రాణి మల్లమ్మకు సోదరుడు పాపారాయుడి సాయం అందకపోవడమే ఈ కథలో గుండె కోసే విషయం. పాపారాయుణ్ణి గోడ మీద నిలబెడితే ఆ బాధ పోతుంది. ఆయన కావాలంటే డేరా ఘట్టాన్ని రెండో కాన్వాస్‌గా వేయండి.

ఎక్కడ నిలబడి చూస్తున్నట్టు వేయాలి? బయటా లోపలా రెండూ కనిపించాలంటే ఎలా?

బయట నేల మీద నిలబడితే గోడ తప్ప ఏమీ కనిపించదు. ఆకాశం నుంచి చూస్తే మనుషులు చీమలవుతారు. నేను ఒక బురుజు మూల మీద నిలబడి గోడ పొడుగునా చూస్తున్నట్టు ఊహించాను. అప్పుడు గోడ కాన్వాస్ మధ్యలో ఏటవాలుగా దూరానికి పోతుంది. ఎడమవైపు కింద నిచ్చెనలు, ఎక్కేవాళ్ళు. కుడివైపు కింద పూరిళ్ళు, పొగ. గోడ అంచు మీద ఇరుకు దారిలో పోరు. ముందు ఈ మూడు భాగాలనూ మనుషులు లేకుండా, బొగ్గుతో నలుపు, బూడిద, తెలుపు మచ్చలుగా పెట్టి చూడండి. పది అడుగుల దూరం నుంచి ఆ మచ్చలే కథ చెప్పాలి. అవి చెప్పలేకపోతే తర్వాత ఎన్ని ముఖాలు గీసినా లాభం లేదు.

గోడ మీద గడ్డి కప్పు వేయాలా?

ఇలాంటి మట్టి కోటల గోడల మీద కాపలావాళ్ళకు ఎండ తగలకుండా గడ్డి కప్పు ఉండేది. ఫిరంగి దెబ్బలకు నిప్పంటుకుంటుందని బొబ్బిలివాళ్ళు ఆ రోజు దాన్ని ముందే పీకేశారు. అందుకే కప్పు వేయకండి, గోడ లోపలి అంచున పీకి పడేసిన గడ్డి కుప్పలు వేయండి. తెలిసి యుద్ధానికి సిద్ధమైన మనుషులని ఆ కుప్పలే చెబుతాయి.

చుట్టూ ఏ చెట్లు వేయాలి?

తాటి, చింత, వేప, మర్రి, వెదురు. నీలగిరి చెట్లు, సర్కారు తుమ్మ ఇప్పుడు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి గానీ అవి ఈ యుద్ధం తర్వాత వచ్చినవి. ఫోటో చూసి వేసేవాళ్ళు ఇక్కడే పొరపాటు పడతారు. నేల మాత్రం కోతలయిన పొలంలా, పొడిగా ఉండాలి. నెల జనవరి.

లోపల ఆడవాళ్ళు, పిల్లల మరణాన్ని చూపించవచ్చా?

శవాలు వేయవద్దని నా అభిప్రాయం. ఆ మరణాలను దాచమని మాత్రం అనను. నేను ఒక తెరిచిన తలుపు, గడప మీద ఒరిగిన ఇత్తడి బిందె, పైకప్పు మీద పొగ వేశాను. ఆ ఇంటివైపు చూడకుండా ముఖం తిప్పుకుని గోడ ఎక్కుతున్న ఒక మనిషిని వేశాను. ఆ మనిషి వీపు గీయడానికి నాకు మూడు వారాలు పట్టింది. మిగతా యుద్ధమంతా గీయడానికి పట్టింది కూడా దాదాపు అంతే.

## రంగుల దశ

కాన్వాస్ ఎంత ఉండాలి, ఎలా సిద్ధం చేయాలి?

ఇంతమంది మనుషులున్న ఘట్టానికి కనీసం 4 అడుగుల ఎత్తు, 6 అడుగుల వెడల్పు కావాలి. చట్రానికి బాగా ఆరిన టేకు వాడండి, మధ్యలో అడ్డకర్ర తప్పనిసరి. పచ్చి కర్ర మెలితిరిగితే బొమ్మ కూడా మెలితిరుగుతుంది. బట్ట బిగించాక గెస్సో (రంగుకు ముందు వేసే తెల్లటి అడుగుపూత) మూడు పూతలు వేయండి. ఒక పూత అడ్డంగా వేస్తే తర్వాతది నిలువుగా వేసి, మధ్యమధ్య సన్న గరుకు కాగితంతో రుద్దండి. ఇంటి గోడకు వేసే ప్రైమర్‌తో సరిపెట్టకండి. ఆయిల్ రంగు దాని మీద ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేం.

మట్టిగోడ రంగు ఎలా కలపాలి? నాది బిస్కెట్ రంగులోకి వచ్చేస్తోంది.

తెలుపు ఎక్కువైంది. యెల్లో ఆకర్, బర్న్‌ట్ సియెనా, కొంచెం అల్ట్రామెరీన్ తీసుకోండి. ఎండ పడేచోట మాత్రమే తెలుపు కలపండి. నీడలో తెలుపు అసలు వద్దు, బర్న్‌ట్ అంబర్‌ను పలుచగా లాగండి. దిక్కు కూడా చూసుకోవాలి. జనవరిలో సూర్యుడు దక్షిణంగా వాలి నడుస్తాడు, మధ్యాహ్నం రెండు దాటాక వెలుగు నైరుతి నుంచి వస్తుంది. ఉత్తరపు గోడ బయటి ముఖం రోజంతా నీడలోనే ఉంటుంది. ఒకే గోడకు ఒకవైపు వెచ్చని మట్టి రంగు, ఇంకోవైపు చల్లని ఊదా నీడ వేస్తే గోడ దానంతటదే నిలబడుతుంది.

ఫిరంగి పేలుడు సినిమాలో లాగా మంటలతో వేయాలా?

వద్దు. గోడ కూల్చడానికి వాడినవి గట్టి ఇనుప గుండ్లు, అవి తగిలినచోట పేలవు. మట్టిగోడకు తగిలితే దుమ్ము లేస్తుంది, పెళ్ళ ఊడుతుంది. మంట కనిపించేది ఫిరంగి మూతి దగ్గర, అదీ క్షణం సేపు. తుపాకి మందు కాలితే దట్టమైన తెల్లటి పొగ వస్తుంది. ఇళ్ళు కాలే పొగ నలుపు, గోధుమ కలిసి ఉంటుంది. బయట తెల్ల పొగ, లోపల నల్ల పొగ. ఈ రెండు పొగలు గోడ మీద కలుసుకునే చోటే నా బొమ్మకు కేంద్రం. పొగను చిక్కగా పూయకండి. కింది రంగు ఆరాక, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో పలుచగా రుద్దండి.

రంగు పైన ఆరింది, కానీ నెల తర్వాత పగుళ్ళు వచ్చాయి. ఎందుకు?

కింది పొరలో నూనె ఎక్కువ, పై పొరలో తక్కువ అయి ఉంటుంది. ఆయిల్ రంగు నీటిరంగులా ఆవిరైపోయి ఆరదు, నూనె గాలితో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. పైది ముందు గట్టిపడి కింది పొర ఇంకా కదులుతుంటే పగులుతుంది. మొదటి పొరలో టర్పెంటైన్‌తో పలుచన చేసిన రంగు వాడండి, పైకి వెళ్ళేకొద్దీ లిన్సీడ్ నూనె పెంచండి. అంబర్ త్వరగా ఆరుతుంది, కాబట్టి కింది పొరకు మంచిది. ఐవరీ బ్లాక్, అలిజరిన్ చాలా నెమ్మది, వాటిని కింద మందంగా వేయకండి.

వానాకాలంలో పని చేయవచ్చా?

చేయవచ్చు, కానీ పొరకూ పొరకూ మధ్య ఎక్కువ రోజులు ఆగాలి. తొందరపడి ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం వద్దు. కాన్వాస్‌ను గోడకు ఆనించకండి, వెనక బూజు పడుతుంది.

నూనె తుడిచిన గుడ్డలు ఏం చేయాలి?

దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. లిన్సీడ్ నూనె పీల్చుకున్న గుడ్డలను ముద్దగా ఒకచోట పడేస్తే, నూనె గట్టిపడేటప్పుడు పుట్టే వేడి లోపలే నిలిచిపోయి వాటంతటవే అంటుకుంటాయి. పని అయ్యాక విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా మూతున్న రేకు డబ్బాలో నీళ్ళు పోసి ముంచి ఉంచండి. టర్పెంటైన్ వాడే గదిలో కిటికీలు తెరిచి ఉంచండి. పిల్లలతో పనిచేసేటప్పుడు చేతులు కడిగాకే తిననివ్వండి.

## బొమ్మ పూర్తయ్యాక

వార్నిష్ ఎప్పుడు వేయాలి?

ఆరు నెలల నుంచి ఏడాది ఆగాలి. రంగు మందంగా ఉంటే ఏడాదే. మెత్తటి గుడ్డను టర్పెంటైన్‌లో కొద్దిగా తడిపి ఒక మూల మెల్లగా రుద్దండి, రంగు అంటితే ఇంకా ఆరలేదు. గాలిలో తేమ ఉన్న రోజున వేస్తే తెల్లటి మసక పడుతుంది. మాఘ, ఫాల్గుణాల్లో పొడి రోజు చూసుకోండి.

విజయనగరం వాళ్ళను చెడ్డగా చూపించారని గొడవ రాదా?

ఈ భయం నాకూ ఉండేది. రెండు వంశాల జ్ఞాపకాలూ ఇంకా సజీవంగా ఉన్న జిల్లా మనది. ఎక్కేవాళ్ళ ముఖాల్లో క్రూరత్వం వేయకండి. వాళ్ళలోనూ ఎంతోమంది ఆ గోడ కిందే గాయపడ్డారు. లోపలివాళ్ళ ధైర్యం చూసి ఆశ్చర్యపోయి, లొంగిపోతే ప్రాణం కాపాడతామని పదేపదే చెప్పారని కూడా రాసి ఉంది. ఆ మాట నమ్మి నేను ఒక సిపాయికి ఖాళీ అరచెయ్యి పైకెత్తినట్టు వేశాను. విజయరామరాజు కూడా ఆ గెలుపు తర్వాత బతికి ఊరు చేరలేదు. బొమ్మ కింద చిన్న బోర్డు పెట్టి తేదీ, స్థలం, ఏది ఆధారం ఉన్నది, ఏది మీ ఊహ అన్నది రాయండి. విజయనగరంలో పెట్టినప్పుడు నన్ను ఎవరూ నిలదీయలేదు. బోర్డు రెండుసార్లు చదివి వెళ్ళారు.

స్కూల్లో పెడితే ఎలా కాపాడుకోవాలి?

బయటి గోడకు, వాన చెమ్మ దిగే గోడకు వేలాడదీయకండి. గోడకూ చట్రానికీ మధ్య అంగుళం ఖాళీ ఉండేలా వెనక బిరడా ముక్కలు అంటించండి. నేరుగా ఎండ పడకూడదు. దుమ్ము మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి, తడిగుడ్డ వద్దు. ఏటా ఒకసారి దించి వెనక చెదలు చూడండి. వేరే ఊరికి పంపాల్సి వస్తే, బాగా ఆరిన బొమ్మను లావుపాటి పీవీసీ గొట్టం మీద రంగు బయటివైపు ఉండేలా చుట్టండి. లోపలివైపుకు చుడితే విప్పినప్పుడు రంగు చిట్లుతుంది.

చిన్నపిల్లలు చూసి భయపడతారేమో?

కొందరు భయపడతారు. అందుకే కుడివైపు కింది మూలలో ఇంకొక ఇద్దరిని వేశాను. కోట పడ్డాక ఒక ముసలాయన చిన్న పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని 'లా' అనే ఫ్రెంచి అధికారి దగ్గరికి తీసుకొచ్చి, ఇతను రంగారావు కొడుకు, తండ్రి మాట కాదని నేను కాపాడాను అని అప్పగించాడు. నా బొమ్మలో వాళ్ళింకా ఇళ్ళ మధ్య సందులోనే ఉన్నారు, ముసలాయన పిల్లవాడి కళ్ళకు తన పైపంచె అడ్డం పెట్టాడు. కాన్వాస్‌ను నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో వేలాడదీయమంటాను. ఒకటో తరగతి పిల్లలు వచ్చి నిలబడితే ముందు కనిపించేది ఆ ఇద్దరే.